సాక్షి దిమ్మె

మట్టిపని ఎరిగినోళ్లకు చెప్పక్కర్లేదు.
గుంత తవ్వేటప్పుడు నడుమ ఒక దిమ్మె వదిలేస్తరు
నెత్తిన గడ్డితో సహా, చెక్కు చెదరకుండా.
పొద్దూకంగ మేస్త్రి టేపు దాని పక్కనే దిగుతది.
ఎంత లోతు తవ్వినమో
తవ్వని మట్టే చెప్పాలె.

మా తాత కావలి తాయప్ప
మక్తల్ దిక్కు గుంపుమేస్త్రి కింద
నలభై ఏండ్లు తట్ట మోసిండు.
ఏ రాష్ట్రంల ఏ కట్ట బొమ్మ చూపించినా
గీ కట్టల నా చెమట ఉన్నది అనకపోతుండె,
"ఆడ ఉప్పు పిరం" అనేటోడు.

నర్మద ఒడ్డున ఒకనాడు
ఇరవై అడుగుల కింద గడ్డపార ఖంగుమన్నదట.
రాయి కాదు. రాయి మోత ఆయనకు తెలుసు.
చేతులతోని మన్ను తోడితే
జానెడున్నర పొడుగు, నాలుగు శేర్ల బరువు,
మీద అడ్డంగ వరుస గాట్లు,
కొత్తగ కక్కు కొట్టిన విసుర్రాయి లెక్క.
"ఇంత లోతుల ఏ అవ్వ జొన్నలు ఇసిరిందిరో!"
గుంపంతా నవ్వింది.

ఏనుగు పన్ను అన్నడట ఇంజనీరు.
ఇప్పటి ఏనుగు కాదు,
దాని ముందర ఇప్పటివి గున్నలే అన్నడట.
అన్నంక, గడియారం చూసుకొని,
పనాగితే నష్టం, మళ్ల మట్టిలెయ్యమన్నడు.
తాత ఎయ్యలే.
సద్దిమూటల చుట్టి
రెండు రైళ్లు, మూడు బస్సులు మారి ఇంటికి తెచ్చిండు
టికెట్ లేని ఏనుగును.

అవ్వ దాన్ని చూసి అడిగిన మొదటి మాట:
"పైసలేవి?"

అటెన్క అది మా ఇంట్ల అన్ని పనులు చేసింది.
కొడవలి నూరింది. గాలికి తలుపు కొట్టుకోకుండ ఆపింది.
ఎండుమిరపకాయల చాప ఎగరకుండ
మూలకు కూసున్నది.
నా పాలపండ్లు ఊడినప్పుడల్లా
దాని గాట్లల్ల ఒక్కోటి పెట్టి చూసుకునేదాన్ని,
దొరకకుంట పోయేవి.

ఏనుగుకు పండ్లు మనలెక్క కిందికెళ్లి మొలవయట.
వెనకకెళ్లి ముందుకు నడుచుకుంట వస్తయట,
ముందువి అరిగి ముక్కలై రాలుతుంటే.
ఆరు జతలు. ఆరే.
ఆఖరిది అరిగినంక
చుట్టూ మోకాలెత్తు గడ్డి ఉన్నా నమలలేదు.
మడుగు పక్క మెత్తటి తుంగ ఎతుక్కుంట
ఆడ్నే ఒరుగుతదట.

కాలేజీల చదివిన ఈ సంగతి తాతకు చెప్తే
మస్తుసేపు మాట్లాడలే.
జొన్నరొట్టె చాయల నానవెట్టుకొని తింటున్నడు అప్పుడు.
"ఇది ఎన్నో జత?" అన్నడు చివరికి.
తెల్వదన్న.
ఏలిముద్రలు అరిగిపోయిన బొటనవేలుతోని
గాట్లు ఒక్కొక్కటే తడిమిండు.

అవి కృష్ణ దాటి ఇటు కూడ వచ్చినయా?
భీమ వచ్చి కలిసేకాడ, తంగిడి ఇసుకల
ఒళ్లు తడుపుకున్నయా?
నా పుస్తకంల ఒక్క ముక్కే ఉన్నది:
నీళ్లెంట, మేతెంట పోయేవి.
చదువుతుంటే మా ఊరి గురించి రాసినట్టే ఉండె.
కాకుంటే
వాటికి ముందుగాల అడ్వాన్సు ఇచ్చినోడు లేడు.

ఎట్ల పోయినయో ఎవరూ గట్టిగ చెప్పరు.
వానలు తప్పినయంటరు,
ఈటెలు పట్టిన మనుషులంటరు.
తాతనడిగితే
"ఒక్కనాడే పోతయా బిడ్డా?
ముసలివి ముందు ఆగిపోతయ్.
పిల్లలున్నవి ఇంకింత దూరం పోతయ్.
ఒకనాడు ఎనక్కి మర్రి చూస్తే
ఎవ్వరుండరు" అన్నడు.
ఏనుగుల ముచ్చటనా, షోలాపూర్ బస్సు ముచ్చటనా,
నేనడగలే.

నిరుడు ఎండకాలం తాత పోయిండు.
నేను ఉపాధిహామీ కొలతల పనిల ఉన్న,
టేపు సంచిలనే ఉన్నది, తియ్యలే.
తవ్వేటోళ్లు మా గుంపోళ్లే, నలుగురు,
మాట లేకుండ తవ్విన్రు.
ఆ గుంతల ఎవరూ దిమ్మె వదలలే.

నాయిన పన్ను తెచ్చి
తాత తలకాడ పెడదామన్నడు.
నాకూ అదే సరి అనిపించింది.

అవ్వ లేచి వచ్చి
నాయిన చేతులకెళ్లి గుంజుకున్నది.
"మరి కొడవలి
దేంతోని నూరాలె?"